మన ఊళ్ళో ఆయిల్ పవర్ ప్లాంటు లేదంటే నేను ఒప్పుకోను

ఈ మాఘంలో మా చెల్లెలి కూతురి పెళ్ళి కర్నూలులో, నంద్యాల రోడ్డు వైపు ఒక ఫంక్షన్ హాల్లో చేశాం. లెక్కలు చూసుకునే పని నా మీద పడింది. హాలు అద్దె, కరెంటు, గదులు, క్లీనింగ్ అన్నీ అయ్యాక బిల్లు చివర విడిగా ఒక లైను ఉంది: జనరేటర్ డీజిల్. బుక్ చేసుకున్న రోజే మేనేజరు చెప్పాడు, "డీజిల్ పార్టీదే సార్, రీడింగ్ చూసే తీసుకుంటాం" అని. పెళ్ళి చేసిన ఎవరికీ ఇది కొత్త కాదు. పేచీ పెట్టేవాళ్ళూ ఉండరు. నాకు మాత్రం ఆ అంకెను యూనిట్లతో భాగించి చూడాలనిపించింది. జనరేటర్ ప్యానెల్ మీద యూనిట్ల రీడింగ్ ఉంది, డీజిల్ ఎన్ని లీటర్లో బిల్లులో ఉంది. ఆ రాత్రి మేం వాడిన డీజిల్ కరెంటు యూనిట్‌కు 35 రూపాయల పైనే పడింది. అదే హాలుకు లైను మీద వచ్చే కరెంటు ధర అందులో సగం కూడా ఉండదు.

భోజనాల దగ్గర ఈ మాట ఎత్తితే మా పెద్దబావ నవ్వాడు. ఆయన కరెంటు డిపార్ట్‌మెంటులో చేసి రిటైరైన మనిషి. "ఆయిల్‌తో కరెంటు తీసే కత ఎప్పుడో ముగిసిపాయ లేబ్బా. దేశం మొత్తం మీద ఆరువందల మెగావాట్లు గూడా లేవు" అన్నాడు. ఆయన చెప్పిన లెక్క సరైనదే. నాలుగున్నర లక్షల మెగావాట్లు దాటిన దేశంలో డీజిల్ ప్లాంట్ల పేరున సర్కారు పట్టికలో ఉన్నది 600 మెగావాట్ల లోపే. మన కడప జిల్లా కలమల్ల దగ్గరున్న ఆర్టీపీపీ, అంటే రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంటు, ఒక్కటే 1,650 మెగావాట్లు. అది బొగ్గుది. కర్నూలు, అనంతపురం, కడప మూడింట్లో ఎక్కడా ఆయిల్‌తో నడిచే పెద్ద ప్లాంటు లేదు.

అయినా నేను ఒప్పుకోను. మన దగ్గర ఆయిల్ ప్లాంటు ఉంది. అది ఒక చిమ్నీ కింద, ఒక ప్రహరీ లోపల లేదు, అంతే. ఫంక్షన్ హాళ్ళ వెనక, ఆస్పత్రుల పక్క సందుల్లో, అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో, సెల్ టవర్ల కింద, బట్టల షాపుల ముందు పేవ్‌మెంట్ల మీద ముక్కలు ముక్కలుగా ఉంది. దాన్ని ప్లాంటుగా ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి అది ఎంత కాలుస్తోంది, ఎప్పుడు కాలుస్తోంది, ఎందుకు కాలుస్తోంది అన్న ప్రశ్నలూ పుట్టవు. ఈ ప్రశ్నలు అడగాలన్నదే నా గోడు.

లీటరు డీజిల్ యూనిట్లుగా మారే దారి

రాగి తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో ఫారడే చూపించాడు. అప్పటి నుంచి బొగ్గైనా, నీళ్ళైనా, గాలైనా, అణువైనా మనం వెతుక్కుంటున్నది తిప్పే బలం కోసమే. సోలార్ పలక ఒక్కటి దీనికి మినహాయింపు.

డీజిల్ ఇంజనులో ఆ బలం పుట్టే తీరు చూడముచ్చటగా ఉంటుంది. సిలిండర్‌లోకి ముందు గాలి ఒక్కటే వెళ్తుంది. పిస్టన్ దాన్ని దాదాపు పదహారో వంతుకు నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణంలో డీజిల్‌ను సన్నటి తుంపరగా చిమ్మితే, నిప్పురవ్వతో పని లేకుండా దానంతటదే అంటుకుంటుంది. ఆ మంట పిస్టన్‌ను కిందికి తోస్తే క్రాంక్ తిరుగుతుంది, దానితో పాటు ఆల్టర్నేటరూ, అంటే అయస్కాంతం, తీగచుట్ట ఉండి కరెంటు పుట్టించే భాగమూ తిరుగుతుంది. నాలుగు ధ్రువాల ఆల్టర్నేటర్ నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే మనకు కావాల్సిన 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగే కరెంటు వస్తుంది. ఏసీ ఆన్ చేయగానే జనరేటర్ శబ్దం ఒక్కసారి బరువెక్కుతుంది కదా, అది గవర్నర్ పని. బరువు పడి వేగం తగ్గబోతే గవర్నర్ అది పసిగట్టి ఇంకాస్త డీజిల్ వదులుతుంది.

పెద్ద ఆయిల్ ప్లాంట్లలో రెండు రకాలున్నాయి. ఒకటి ఇదే ఇంజను, కాకపోతే ఒక్కోటి ఇల్లంత ఉంటుంది. రెండోది బాయిలర్ రకం. అందులో ఫర్నేస్ ఆయిల్ కాల్చి నీటిని ఆవిరి చేస్తారు. ఆవిరి టర్బైన్‌ను నిమిషానికి 3,000 చుట్లు తిప్పుతుంది. ఫర్నేస్ ఆయిల్ అంటే రిఫైనరీలో పెట్రోలు, కిరోసిన్, డీజిల్ తీసేశాక అడుగున మిగిలేది. చల్లగా ఉన్నప్పుడు ముదురు బెల్లం పాకంలా కదలదు. వంద డిగ్రీల దాకా వేడిచేస్తే గానీ బర్నర్ దాన్ని చిమ్మలేదు.

ఇక దిగుబడి సంగతి. లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల వేడి ఉంటుంది. పెద్ద ఇంజను ప్లాంట్లు అందులో 45 శాతం దాకా కరెంటుగా రాబడతాయి. మన హాలు వెనకున్న జనరేటర్ సెట్టు పూర్తి లోడు మీద నడిస్తే లీటరుకు మూడున్నర యూనిట్ల దాకా ఇస్తుంది. కానీ అది పూర్తి లోడు మీద ఎప్పుడు నడుస్తుంది? ఏసీలన్నిటికీ సరిపోవాలని పెద్ద సెట్టు పెడతారు. తెల్లవారుజామున ముహూర్తం వేళ మండపం లైట్లు, మైకు, నాలుగు ఫ్యాన్లు మాత్రమే ఉంటాయి. లోడు పావు వంతుకు పడిపోతే లీటరుకు రెండు, రెండున్నర యూనిట్లకు మించి రావు. మిగిలినదంతా వేడిగా, పొగగా సందులోకే పోతుంది. మా బిల్లులో 35 రూపాయల గుట్టు ఇదే. డీజిల్ లీటరు 95 రూపాయల పైన ఉన్నప్పుడు ఎంత మంచి సెట్టయినా యూనిట్ 27 రూపాయలకు తగ్గదు.

ఇంకో లెక్క కూడా ఉంది. 2017లో కడప సోలార్ పార్కు వేలంలో ఒక కంపెనీ యూనిట్ 3 రూపాయల 15 పైసలకు ఇస్తామని ముందుకొచ్చింది. అప్పట్లో దేశమంతా ఆశ్చర్యపోయిన ధర అది. అదే సీమలో, అదే ఎండ కింద, మనం పదింతలు పెట్టి డీజిల్ కరెంటు కొంటున్నాం.

పెద్దవి ఎందుకు మూలపడ్డాయి

1973లో చమురు ధరలు ఒక్కసారి పైకి లేచాక ప్రపంచంలో చాలా దేశాలు ఆయిల్ ప్లాంట్ల నుంచి వెనక్కి తగ్గాయి. మనకు ఆ బుద్ధి అంత స్థిరంగా నిలవలేదు. 1990ల్లో కరెంటు కొరత తీవ్రంగా ఉన్నప్పుడు, త్వరగా కట్టొచ్చని దక్షిణాది రాష్ట్రాలు మళ్ళీ డీజిల్, నాఫ్తా (రిఫైనరీలో వచ్చే పెట్రోలు లాంటి తేలిక నూనె) ప్లాంట్లకు తలుపులు తీశాయి. చెన్నై బేసిన్ బ్రిడ్జి దగ్గర 200 మెగావాట్ల ప్లాంటు, కేరళలో బ్రహ్మపురం, కోళికోడ్ డీజిల్ ప్లాంట్లు, కాయంకుళంలో నాఫ్తా ప్లాంటు ఆ కాలానివే. తర్వాత ఇంధనం ధర పెరిగింది, ఆ కరెంటు కొనడం కంటే కోత పెట్టుకోవడమే నయం అన్న స్థితి వచ్చింది. కాయంకుళం నుంచి ఒక్క యూనిట్ తీసుకోని ఏళ్ళలో కూడా కేరళ బోర్డు స్థిర ఛార్జీలు కట్టాల్సి వచ్చింది.

అందుకే, "చిన్న జనరేటర్లు ఇంత దండగైతే, జిల్లాకో పెద్ద ఆయిల్ ప్లాంటు కట్టి అందరికీ అక్కణ్ణుంచే ఇస్తే పోదా" అని ఎవరైనా అంటే నేను కాదంటాను. దిగుబడి పెరుగుతుంది, చిమ్నీ ఎత్తుగా ఉంటుంది, నిజమే. కానీ మన సందులో కరెంటు పోవడానికి కారణం ఇప్పుడు చాలాసార్లు ఉత్పత్తి కొరత కాదు. స్తంభం మీద తీగల్ని కలిపే జంపర్ తెగింది, కొమ్మ పడి ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి మన వైపు వచ్చే లైను) ట్రిప్పయింది, ట్రాన్స్‌ఫార్మర్ కాలింది, పని ఉందని ఎల్‌సీ తీసుకుని లైను ఆపేశారు. లైనుమన్‌ను అడిగితే వచ్చే జవాబులు ఇవే. ప్లాంటు ఎంత పెద్దదైనా తెగిన జంపర్ అవతలే ఆగిపోతుంది.

బొగ్గు ప్లాంటుకు కూడా ఆయిల్ లేనిదే తెల్లవారదని చాలామందికి తెలియదు. చల్లారిన బాయిలర్‌లో బొగ్గుపొడి నేరుగా అంటుకోదు. ముందు ఆయిల్ గన్నులు వెలిగించి కొలిమి వేడెక్కాకే బొగ్గు వదులుతారు. లోడు బాగా తగ్గించి నడపాల్సి వచ్చినప్పుడు మంట ఆరిపోకుండా మళ్ళీ ఆయిల్ సాయం పట్టాలి. మధ్యాహ్నం ఓర్వకల్లు వైపు గని, శకునాల అనే ఊళ్ళ దగ్గరున్న సోలార్ పార్కు వెయ్యి మెగావాట్లు ఇస్తున్న వేళ బొగ్గు యూనిట్లు తగ్గాల్సి వస్తుంది, సాయంత్రం మళ్ళీ ఎక్కాల్సి వస్తుంది. ఆ ఎక్కడం, దిగడంలో ఆయిల్ ఖర్చు దాగి ఉంటుంది. అంటే ఆయిల్ మన కరెంటు వ్యవస్థను వదిలి ఎక్కడికీ పోలేదు. దాన్ని ఏ పనికి వాడుతున్నామన్నదే ఆలోచించాల్సింది.

జనరేటర్‌కు దండం పెట్టిన రోజు

జనరేటర్ల మీద నాకు పగ లేదు. మా అమ్మకు పిత్తాశయం ఆపరేషన్ జరుగుతున్నప్పుడు కరెంటు పోయింది. బయట కారిడార్‌లో చీకట్లో నిలబడ్డాం. పది పన్నెండు సెకన్లు ఉంటుందేమో. వెనక నుంచి ఇంజను అందుకున్న చప్పుడు, ఆ వెంటనే లైట్లు. నా పక్కనున్న మా పిన్ని చేతులెత్తి దండం పెట్టింది. థియేటర్ లోపల బ్యాటరీ బ్యాకప్ ఉంటుందని, మిషన్లు ఆగవని తర్వాత తెలిసింది. ఐనా ఆ బ్యాటరీ గంటల తరబడి మోయలేదు. ఆ తర్వాత భారమంతా డీజిల్‌దే.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు ఇక్కడున్న వాళ్ళకు ఇంకా బాగా తెలుసు. లైన్లు, సబ్‌స్టేషన్లు నీళ్ళల్లో ఉంటే సోలార్ పార్కు ఎన్ని మెగావాట్లదైనా ఏం లాభం. అలాంటి రోజు డ్రమ్ములో నిల్వ ఉండి, ఎండా గాలీ లేకపోయినా, లైను లేకపోయినా చెప్పిన నిమిషంలో కరెంటిచ్చే వస్తువు ఆయిల్‌లా మరొకటి లేదు. ఈ గుణం కోసమే దాన్ని దాచుకోవాలంటున్నాను.

దాచుకోవడమూ చేతకావాలి. ఆ వరదలో మా బంధువుల అపార్ట్‌మెంట్ జనరేటర్ సెల్లార్‌లో ఉండి మొట్టమొదట అదే మునిగింది. 2011 మార్చి 11న జపాన్ ఫుకుషిమాలో జరిగింది కూడా అదే. భూకంపానికి రియాక్టర్లు సక్రమంగానే ఆగాయి. బయటి కరెంటు పోగానే డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. తర్వాత సునామీ వచ్చి కింది అంతస్తుల్లో ఉన్న ఆ జనరేటర్లను ముంచేసింది. చల్లబరిచే దిక్కు లేక రియాక్టర్లు కరిగాయి. అంత పెద్ద దేశంలో, అంత పెద్ద ప్లాంటులో చివరి ఆసరా డీజిలే అయినప్పుడు దాన్ని ఎక్కడ పెట్టామన్నది చిన్న విషయం కాదు. కర్నూలులో ఈ రోజుకూ కొత్త భవనాల ప్లాన్లలో జనరేటర్ సెల్లార్‌లోనే కనిపిస్తోంది. పదిహేనేళ్ళు దాటినా నది ఎక్కడ పారుతోందో మనకు గుర్తులేనట్టుంది. నాకు ఇది బాధగా ఉంది.

రోజువారీ అలవాటైతే

అక్కరకు వాడే వస్తువు అలవాటైతే ఏమవుతుందో పక్క దేశంలో చూశాం. 2022 మార్చి చివర్లో శ్రీలంకలో రోజుకు 13 గంటల కోత పెట్టారు. వానల్లేక జలాశయాలు అడుగంటాయి, మిగతా ప్లాంట్లకు ఆయిల్ కొనడానికి డాలర్లు లేవు. 2021 అక్టోబర్‌లో లెబనాన్‌లో రెండు ప్రధాన ప్లాంట్లకు ఆయిల్ అయిపోయి దేశం మొత్తం గ్రిడ్ ఆగింది. అక్కడ అప్పటికే వీధి వీధికీ జనరేటర్ ఓనర్లు ఉన్నారు, జనం వాళ్ళ దగ్గర నెలవారీ చందా కట్టి కరెంటు తెచ్చుకుంటున్నారు. ముక్కలైన ఆయిల్ ప్లాంటు మీదే ఊరు బతకడం అంటే అదే. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే అని కూడా గుర్తుంచుకోవాలి.

మనం అంత దూరం పోలేదు. కానీ ఆ దారి రుచి తెలియని వాళ్ళం కాదు. 2022 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టినప్పుడు, అంతకు ముందు 2012-13 కోతల్లో, బేతంచర్లలో నాకు తెలిసిన రాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ ఓనరు ఆర్డర్లు నిలబెట్టుకోవడానికి జనరేటర్ మీద మిషన్లు నడిపాడు. "రాయి మీద వచ్చే పైసలు డీజిల్ బంకోనికే పాయ సామీ" అన్నాడు. పెద్ద ఫ్యాక్టరీకి సొంత పవర్ ప్లాంటు ఉంటుంది. దెబ్బ తగిలేది ఇలాంటి వాళ్ళకు, జిరాక్స్ షాపు వాళ్ళకు, జ్యూస్ బండి వాళ్ళకు.

పొగ సంగతి కూడా ఉంది. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. జనరేటర్ పొగగొట్టం భవనం కంటే ఎత్తుగా ఉండాలని నిబంధన ఉంది. 100 కేవీఏ (జనరేటర్ సామర్థ్యాన్ని చెప్పే కొలత) సెట్టుకు భవనం మీద ఇంకో 2 మీటర్లు. శబ్దానికి 75 డెసిబెళ్ళ హద్దు ఉంది. మీరు రోజూ నడిచే బజారులో ఒకసారి తలెత్తి చూడండి. పెద్ద ఆస్పత్రుల దగ్గర గొట్టం పైదాకా ఉంటుంది. షాపుల దగ్గర మోకాలి ఎత్తున ఉంటుంది, పక్కనే ఇడ్లీ బండి ఉంటుంది. బడి పిల్లవాడి ముఖం ఆ ఎత్తులోనే ఉంటుంది.

"రోడ్డు మీద బస్సులు, లారీలు తాగే డీజిల్ ముందు ఇదెంత" అని బావ అడిగాడు. లీటర్లలో చూస్తే ఆయన మాట న్యాయమే. కానీ లారీ పొగ వదిలి వెళ్ళిపోతుంది. జనరేటర్ ఒకేచోట నిలబడి ఒకే కిటికీలోకి వదులుతుంది. పైగా లారీకి ఇవాళ్టికి వేరే దారి తక్కువ. పది నిమిషాల కరెంటు కోతకు దారి ఉంది.

ఏది డీజిల్‌కు, ఏది బ్యాటరీకి

నేననుకుంటున్నది ఇది. పది నిమిషాలు, అరగంట పోయే కరెంటుకు డీజిల్ కాల్చడం మానాలి. అది బ్యాటరీ పని. గంటలు, రోజులు పోయే ఆపదకు డీజిల్ ఉంచాలి, అదీ ఆస్పత్రికి, తాగునీటి పంపులకు ముందు. ఈ రెండింటి కంటే ముందు చేయాల్సింది లైన్లు బాగుచేయడం. బజారు ఫీడర్లకు ఏబీ కేబుల్, అంటే పైపూత ఉన్న తీగల కట్ట వేస్తే కొమ్మలు తగిలి పోయే కరెంటు చాలావరకు ఆగుతుంది. ఒక బజారులోని షాపులన్నీ కలిసి ఏడాదిలో తగలేసే డీజిల్ డబ్బు ఎంతో లెక్క తీస్తే, కేబుల్ ఖర్చు మాట్లాడుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. పెద్ద సెట్లకు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ అనుమతి ఎలాగూ ఉండాలి. ప్రతి సెట్టు మీదా ఎన్ని గంటలు నడిచిందో చెప్పే మీటరూ ఉంటుంది. ఆ గంటలను ఏడాదికోసారి రాసి ఇమ్మంటే చాలు, ముక్కలైన ప్లాంటు మొత్తం ఎంతో తెలుస్తుంది. ఎక్కడ గంటలు ఎక్కువుంటే అక్కడ లైను బలహీనమని కూడా తెలుస్తుంది.

నా అనుమానాలు నాకున్నాయి. బ్యాటరీ కూడా పుణ్యానికి రాదు. లెడ్ బ్యాటరీని పాతసామాన్ల వాడికి అమ్మితే అది ఏ షెడ్డులో, ఏ పిల్లల పక్కన కరుగుతుందో మనకు కనిపించదు. లిథియం దిగుమతి సరుకు. రోజుకోసారైనా వాడకపోతే బ్యాటరీ మీద పెట్టిన డబ్బు తిరిగి రావడం కష్టం. షామియానాల వాళ్ళతో పాటు టాటా ఏస్ మీద జనరేటర్ తెచ్చి రాత్రంతా దాని పక్కనే పడుకునే కుర్రాళ్ళ బతుకుతెరువు ఏమిటన్నది ఇంకోటి. వాళ్ళకు సీజన్ అంటే పెళ్ళిళ్ళే. రేపు వాళ్ళే బ్యాటరీ బండి తేవచ్చు, కానీ దానికి పెట్టుబడి ఎవరిస్తారో నాకు తోచడం లేదు.

మా అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్ ఇంకా గట్టి అడ్డం చెప్పాడు. "సార్, బోరు మోటరు స్టార్టింగ్‌లో ఐదారింతల కరెంటు లాగుతాది. మీ ఇన్వర్టర్ ఎగిరిపోతాది" అన్నాడు. అది నిజం. ఐతే కరెంటు లేని అరగంటలో బోరు వేయాల్సిన పనేముంది, ట్యాంకు నిండుగా ఉంచుకుంటే చాలు కదా అన్నాను. లిఫ్టుకు, మెట్ల లైట్లకు బ్యాటరీ చాలు. లిఫ్టు మధ్యలో ఆగితే దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తీసే పరికరం ఎలాగూ ఉంది. అతను ఒప్పుకున్నాడు గానీ ఇంకో మాట అన్నాడు: "డీజిల్ సెట్టును మరీ పక్కన పెట్టేస్తే అవసరానికి లేవదు సార్." అదీ నిజమే. ఆపదలో జనరేటర్ మొరాయించడానికి చాలాసార్లు కారణం దాన్ని స్టార్ట్ చేసే చిన్న బ్యాటరీ చచ్చిపోవడమే. నెలకోసారి లోడు మీద అరగంట నడిపి చూడాలి, డీజిల్ నిల్వ పాతబడకుండా మార్చుకోవాలి.

పోయిన ఆదివారం అసోసియేషన్ మీటింగులో ఇవన్నీ చెప్పాను. ఇద్దరు ముగ్గురు ఖర్చు ఎక్కువన్నారు, ఒకరు సోలార్ పెడితే అన్నీ తీరతాయన్నారు. చివరికి రెండు పనులకు అందరూ సరేనన్నారు. లిఫ్టుకూ మెట్లకూ బ్యాటరీ కొటేషన్లు తెప్పించాలి. జనరేటర్‌ను సెల్లార్ నుంచి పైకి, గేటు పక్కనున్న అరుగు మీదికి మార్చడానికి ఎంతవుతుందో అడగాలి. పొగగొట్టం డాబా మీదికి తీసుకెళ్ళే ఖర్చు కూడా అందులోనే కలపమని చెప్పాం. కొటేషన్లు వచ్చాక అంకెలన్నీ ఇక్కడ పెడతాను. మీ భవనంలో ఇలాంటిది ఎవరైనా చేయించి ఉంటే ఎంతయిందో రాయండి.